అంతర్జాతీయ సంబంధాల్లో పీజీ: ఎక్కడ చదవాలి, డబ్బు ఎలా సర్దుకోవాలి?

దౌత్యం, భద్రత, విదేశాంగ విధానం చదవాలనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు విశాఖ నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి పంపిన ప్రశ్నలివి. ఒకేలాంటివి కలిపేశాం. ఇంటి ఆదాయాలు, అప్పుల సంగతులు ఉన్నాయి కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: బీఏ చివరి ఏడాదిలో ఉన్నాను. ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారిన్ సర్వీస్) సాధించాలని ఉంది. ఫారిన్‌లో ఇంటర్నేషనల్ రిలేషన్స్ పీజీ చేస్తేనే ఆ సర్వీసు వస్తుందని మా బాబాయి గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని, సిరిపురం

నిజం కాదమ్మా. ఐఎఫ్‌ఎస్‌కి వేరే పరీక్షంటూ లేదు. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ ఒక్కటే దారి, దానికి ఏ డిగ్రీ అయినా చాలు. వచ్చిన ర్యాంకు, మీరు ఇచ్చిన ప్రిఫరెన్స్, కేటగిరీ, వీటిని బట్టే సర్వీసు కేటాయిస్తారు. దౌత్యం పని ఎంపికయ్యాక ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ సర్వీస్‌లో నేర్పిస్తారు. ఒక విదేశీ భాష కూడా ప్రభుత్వ ఖర్చుతోనే నేర్చుకుంటారు. జనరల్ కేటగిరీకి 32 ఏళ్లు, 6 అటెంప్టులే ఉన్నాయి. అలాంటప్పుడు విదేశీ పీజీకి డబ్బు పోవడం సరే, రెండేళ్ల వయసు పోవడం ఇంకా పెద్ద నష్టం.

పీజీ చేయాలనే ఉంటే సివిల్స్ మెయిన్స్‌లో మీరు ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుకి కలిసొచ్చేలా చేయండి. పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆప్షనల్‌లో రెండు పేపర్లు, ఒక్కొక్కటి 250 మార్కులు. రెండో పేపరంతా తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, భారత విదేశాంగ విధానమే. ఏపీ పీజీసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ పొలిటికల్ సైన్స్‌లో చేరితే ఇంటి నుంచే వెళ్లి రావచ్చు, వి.ఎస్. కృష్ణా లైబ్రరీ చేతికి అందుబాటులో ఉంటుంది. సివిల్స్ ఒక్కటే లక్ష్యం అయితే అంతకుమించి వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: సివిల్స్ కాదు, పరిశోధన వైపు, థింక్‌ట్యాంకుల (ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థల) వైపు వెళ్లాలని ఉంది. జేఎన్‌యూ, సౌత్ ఏషియన్ యూనివర్సిటీ, జాదవ్‌పూర్, పాండిచ్చేరి, జిందాల్... పేర్లు చాలా వింటున్నాను. దేన్ని బట్టి ఎంచుకోవాలి?
— బీఏ పూర్తయిన విద్యార్థి, ఎంవీపీ కాలనీ

ర్యాంకుల జాబితాలు పక్కన పెట్టి ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దింపుకోండి. అందులో చూడాల్సినవి మూడు. ఆప్షనల్ పేపర్లలో మీకు ఆసక్తి ఉన్న ప్రాంతం (చైనా, పశ్చిమాసియా, హిందూ మహాసముద్రం, ఏదైనా సరే) ఉందా? ఆ పేపరు చెప్పే అధ్యాపకులు ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నారా? డిసర్టేషన్ రాయిస్తారా? మూడోది చాలామంది వదిలేస్తారు. థింక్‌ట్యాంకు ఇంటర్వ్యూలో మొదట అడిగేది మీరు రాసిన పేపరే. పాతిక ముప్పై పేజీల సొంత పరిశోధన చేతిలో లేకపోతే ఎంత మంచి మార్కులున్నా మాట్లాడటానికి ఏమీ ఉండదు.

జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో వేరే సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. ప్రాంతాలవారీ సెంటర్లు అన్ని ఉన్న చోటు దేశంలో ఇంకోటి లేదు. అదే క్యాంపస్‌లో విదేశీ భాషల విభాగాలూ ఉన్నాయి. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల రూపాయల్లోనే. ఖర్చంతా బతకడానికే అవుతుంది. హాస్టల్ మొదటి రోజే దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మొదటి కొన్ని నెలలు మునిర్కాలోనో బేర్ సరాయ్‌లోనో ఇంకొకరితో కలిసి గది తీసుకోవాల్సి రావచ్చు. దానికి అడ్వాన్సుతో కలిపి ఓ 40, 50 వేలు ముందే పక్కన పెట్టుకోండి.

సార్క్ దేశాలు కలిసి నడిపే సౌత్ ఏషియన్ యూనివర్సిటీ కూడా ఢిల్లీలోనే ఉంది, 2010లో మొదలైంది. తరగతిలో నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక పిల్లలతో కలిసి కూర్చుంటారు. దక్షిణాసియా మీద పని చేయాలనుకుంటే అది చిన్న విషయం కాదు. జాదవ్‌పూర్‌లో అంతర్జాతీయ సంబంధాలకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. రక్షణ వ్యవహారాలే ఇష్టమైతే మద్రాస్ యూనివర్సిటీ, పుణే యూనివర్సిటీల్లోని డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ విభాగాలు చూడండి. పెద్దగా ప్రచారం ఉండదు, ఖర్చూ తక్కువే. జిందాల్‌లో వసతులు, విదేశీ అధ్యాపకులు, ఇంటర్న్‌షిప్ పరిచయాలు బాగానే ఉంటాయి. కానీ హాస్టల్‌తో కలిపి రెండేళ్లకు పది లక్షలు దాటుతుంది. స్కాలర్‌షిప్ లేకుండా, అప్పు చేసి మరీ అక్కడికి వెళ్లమని మేం చెప్పం.

జేఎన్‌యూ, పాండిచ్చేరి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. నోటిఫికేషన్ సాధారణంగా డిసెంబరు, జనవరిల్లో వస్తుంది, పరీక్ష మార్చి ప్రాంతంలో. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. విశాఖలోనే సెంటర్ పెట్టుకోవచ్చు. ఏటా మన పిల్లలు పోగొట్టుకునే సీట్లు పరీక్ష హాల్లో పోవడం తక్కువ. పోయేది వేరే మూడు చోట్ల.

ఒకటి, పేపర్ కోడ్. కోర్సు పేరు ఒకటి, దానికి రాయాల్సిన పేపరు పేరు ఇంకొకటి కావచ్చు. ఆ యూనివర్సిటీ బులెటిన్‌లో కోడ్ చూసి, అప్లికేషన్‌లో అదే పెట్టాలి. రెండు, స్కోరు వచ్చాక ఊరుకోవడం. ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) పరీక్ష మాత్రమే పెడుతుంది. ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్లీ విడిగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి. దానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే.

మూడు, సర్టిఫికెట్లు. సచివాలయంలో ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్ కేంద్ర యూనివర్సిటీలో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీ కులం రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉండాలని లేదు, కొన్ని కులాలకు కొన్ని జిల్లాల వరకే ఉంటుంది. ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే పనికొస్తుంది. అడ్మిషన్ జూన్, జూలైల్లో అయితే ఏప్రిల్ 1 తర్వాత కొత్తది తీసుకోవాలి. తహసీల్దారు కార్యాలయంలో పని ఎప్పుడవుతుందో చెప్పలేం కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టేయండి.

ప్రశ్న: మా అమ్మాయికి వాషింగ్టన్‌లో పేరున్న స్కూల్లో రెండేళ్ల ఇంటర్నేషనల్ అఫైర్స్ మాస్టర్స్‌లో సీటొచ్చింది. ట్యూషన్‌లో 30 శాతం స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. నేను స్టీల్‌ప్లాంట్ ఉద్యోగిని, ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. కూర్మన్నపాలెంలో ఉన్న ఇల్లు పెట్టి కోటి రూపాయల లోను తీసుకుందామనుకుంటున్నాను. బ్యాంకులో ఇస్తామనే అంటున్నారు. తీసుకోవచ్చా?
— ఒక తండ్రి, గాజువాక

బ్యాంకు ఇస్తుంది, అందులో అనుమానం లేదు. ఇల్లు తనఖా పెట్టుకున్నాక దానికి భయమేముంటుంది? మీరు చూసుకోవాల్సిన లెక్క వేరే.

ఆ స్థాయి స్కూళ్లలో ట్యూషన్ ఏడాదికి 60 వేల డాలర్ల చుట్టూ ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 30 శాతం తీసేస్తే 42 వేలు. అద్దె, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్, రాకపోకలకు ఇంకో 28 వేలు వేసుకోండి. ఏడాదికి 70 వేలు, రెండేళ్లకు లక్షా 40 వేల డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే కోటీ 26 లక్షలు. రెండో ఏడాది నాటికి రూపాయి 5 శాతం పడిపోతే ఆ ఏడాదికే ఇంకో 3 లక్షలు పైన పడతాయి.

కోటి రూపాయల లోను 10.5 శాతం వడ్డీకి, ఆరు నెలలకో పాతిక లక్షల చొప్పున నాలుగు విడతల్లో ఇచ్చారనుకుందాం. రెండేళ్ల కోర్సు, ఆపైన ఏడాది మారటోరియం, అంటే ఈఎంఐ కట్టనక్కర్లేని గడువు. ఈ మూడేళ్లలో మీరు ఒక్క రూపాయి కట్టకపోతే సాధారణ వడ్డీయే 23 లక్షల 60 వేల పైచిలుకు పేరుకుంటుంది. అప్పటికి అప్పు కోటీ 23 లక్షలు దాటి ఉంటుంది. దాన్ని 15 ఏళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు సుమారు లక్షా 37 వేలు. కొన్ని బ్యాంకుల్లో మారటోరియం కోర్సయ్యాక ఆరు నెలలే. మీ రిటైర్మెంట్ నాలుగేళ్లలో. అంటే ఈఎంఐ మొదలైన ఏడాదికే మీ జీతం ఆగిపోతుంది. బ్యాంకు మేనేజరు ఈ మాట మీకు చెప్పి ఉండకపోవచ్చు.

ఈ ఈఎంఐ కట్టాలంటే అమ్మాయి అమెరికాలోనే ఉద్యోగం చేయాలి. అక్కడ ఒక చిక్కుంది. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేయనిస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకైతే ఇంకో 24 నెలల పొడిగింపు ఉంటుంది. మామూలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ డిగ్రీ స్టెమ్ జాబితాలో లేదు, దాని సీఐపీ కోడ్ (అమెరికాలో కోర్సులకు ఇచ్చే వర్గీకరణ నంబరు) 45.0901. కొన్ని స్కూళ్లు ఎకనామిక్స్, క్వాంటిటేటివ్ పేపర్లు ఎక్కువున్న కోర్సుల్ని 45.0603 కోడ్ కింద నడుపుతాయి. అది స్టెమ్ కిందికే వస్తుంది. అమ్మాయి కోర్సుది ఏ కోడో అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వీసా కోసం స్కూలు ఇచ్చే ఐ-20 ఫారం మీద కూడా అదే కోడ్ ఉంటుంది.

పైగా ఈ రంగంలో పెద్ద యజమాని అమెరికా ప్రభుత్వమే, దాని విదేశాంగ శాఖ ఉద్యోగాలు పౌరులకే. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ వంటివాటికి జి-4 వీసా ఉంటుంది, హెచ్-1బీ గొడవ లేదు. కానీ అక్కడ ప్రవేశ స్థాయి ఖాళీలు కొన్నే, ఎకనామిక్స్ గట్టిగా ఉండాలి. ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ ఇంటర్న్‌షిప్‌లకు జీతం ఉండదు. వెనక్కొచ్చి ఢిల్లీలో పరిశోధన ఉద్యోగంలో చేరితే మొదటి జీతం ఈ ఈఎంఐలో సగానికి రావడం కూడా కష్టం.

అందుకే మా మాట: ఇదే ఆఫర్ మీద, ఇల్లు తనఖా పెట్టి వెళ్లొద్దు. అయితే వదిలేసే ముందు స్కాలర్‌షిప్ పెంచమని అడగండి. అడిగినంత మాత్రాన సీటు తీసేయరు. డిపాజిట్ గడువు దాటకముందే అమ్మాయే, తండ్రిగా మీరు కాదు, అడ్మిషన్ ఆఫీసుకు ఒక పేజీ మెయిల్ రాయాలి. ఇంకో స్కూలు ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ లెటర్ జతచేయాలి. ఇంటి ఆదాయం ఇంత, ఏడాదికి ఇంత తక్కువ పడుతోంది, ఇంత పెంచితే చేరతాను అని అంకె వేసి అడగాలి. ‘ఏదైనా సాయం చేయండి’ అని రాస్తే ఏమీ రాదు. ఆ మెయిల్లోనే ఇంకో రెండు ప్రశ్నలు: రెండో ఏడాది కూడా ఇదే స్కాలర్‌షిప్ ఉంటుందా, దానికి జీపీఏ షరతుందా? రెండో ఏడాదికి టీచింగ్ అసిస్టెంట్ పని ఎంతమందికి దొరుకుతోంది? సగానికి పైగా ట్యూషన్ తగ్గి, కోర్సు స్టెమ్ కిందికి వచ్చి, లోను 50 లక్షల లోపుకు దిగితే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు.

ఇంత చెప్పినా తనఖాయే పెడతానంటే కాగితాలు ఇప్పుడే తీయండి. ఒరిజినల్ సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), జీవీఎంసీ ఇంటిపన్ను రసీదు, అప్రూవ్డ్ ప్లాన్ కావాలి. మన దగ్గర లోన్లు ఆగేది ఎక్కువగా నాలుగు కారణాలకి. స్థలం డి-పట్టా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) అయి ఉండటం, సర్వే నంబరు 22-ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉండటం, పంచాయతీ లేఅవుట్ రెగ్యులరైజ్ కాకపోవడం, ప్లాన్‌కి మించి ఒక అంతస్తు లేపేయడం. చివరిదైతే బ్యాంకు వాల్యూయర్ ఆ అంతస్తుని లెక్కలోకే తీసుకోడు. ఉమ్మడి ఆస్తి అయితే వారసులందరూ బ్యాంకుకు వచ్చి సంతకం పెట్టాలి, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడితో సహా. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అయ్యేసరికి నెలా నెలన్నర సులువుగా పడుతుంది. మారటోరియంలో నెలనెలా వడ్డీ కట్టేస్తే ఆ 23 లక్షలు అసలుకు చేరవు. వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు 8 ఏళ్లు ఉంటుంది, పాత పన్ను విధానంలో ఉంటేనే.

ప్రశ్న: విలేకరిగా మూడేళ్లకు పైగా పని చేస్తున్నాను, వయసు 27. అప్పు లేకుండా విదేశాల్లో చదవాలంటే ఏ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకు ఈ చదువులో దొరికినంత డబ్బు తాజా డిగ్రీ పిల్లలకు దొరకదు. మీది మంచి స్థితి.

బ్రిటన్‌కి చెవెనింగ్. 2,800 గంటల అనుభవం కావాలి, అంటే సుమారు రెండేళ్ల ఉద్యోగం. ఇంటర్న్‌షిప్, స్వచ్ఛంద సేవ కూడా లెక్కలోకొస్తాయి. దరఖాస్తులు ఆగస్టులో మొదలై అక్టోబరు మొదట్లో ముగుస్తాయి. ఏడాది మాస్టర్స్ కోర్సులు మూడు ఎంచుకోవాలి. వాటిలో ఒకదానికైనా షరతుల్లేని అడ్మిషన్ తెచ్చుకోవాలి, దానికి యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు చేయాలి. నాయకత్వం మీద, పరిచయాల మీద, చదువు మీద, భవిష్యత్తు మీద వ్యాసాలు రాయమంటారు. ఎక్కువమంది తప్పేది మొదటిదాంట్లోనే. ‘జట్టును ముందుండి నడిపించాను’ అని రాస్తారు. ఎవరిని, ఏ పనికి ఒప్పించారు, దాని తర్వాత ఏం మారింది అన్నది ఉండదు. మీరైతే ఒక వార్త రాశాక ఏ అధికారి ఏ ఉత్తర్వు ఇచ్చారో చెప్పగలరు కదా, అదే రాయండి. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది షరతు.

అమెరికాకి ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్. కనీసం మూడేళ్ల ఫుల్‌టైమ్ ఉద్యోగం కావాలి, మీకు సరిపోతుంది. కానీ డిగ్రీ మూడేళ్లదైతే దానిపైన పీజీ గానీ ఫుల్‌టైమ్ పీజీ డిప్లొమా గానీ ఉండాలి. మన బీఏ, బీకాంలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. ఇక్కడా రెండేళ్లు వెనక్కి వచ్చి ఉండాలి.

యూరప్‌కి ఎరాస్మస్ ముండుస్. దీని గురించి మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ, మా దృష్టిలో మీకు దీనికే మొదటి స్థానం. ఒక కోర్సుని రెండు మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడుపుతాయి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. గ్లోబల్ స్టడీస్‌లో లైప్‌జిగ్ నేతృత్వంలోని కోర్సు అలాంటిదే. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య. పారిస్‌లోని సైన్సెస్ పో చూస్తుంటే ఎమిల్ బూట్మీ స్కాలర్‌షిప్‌కి అడ్మిషన్‌తోపాటే అప్లై చేయాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. ప్రిన్స్‌టన్‌లో రెండేళ్ల ఎంపీఏ (పబ్లిక్ అఫైర్స్ మాస్టర్స్)లో సీటొస్తే ట్యూషన్ అంతా వాళ్లే భరిస్తారు, ఆ సీటు రావడమే కష్టం.

జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచీ ఉంది, కె.సి. మహీంద్రా ట్రస్టుదీ పాత పేరే. అయితే ఈ రెండూ ‘లోన్ స్కాలర్‌షిప్’లు, అంటే తిరిగి కట్టాల్సినవి. మహీంద్రాది వడ్డీ లేనిది. మొత్తం ఖర్చుకి చాలవు, చివర్లో తగ్గిన నాలుగైదు లక్షలు పూడ్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు, ఎస్టీ. ఎంఏ పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. ప్రభుత్వ ఖర్చుతో విదేశాల్లో చదవొచ్చంటున్నారు. ఎలా?
— విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దేశం మొత్తానికి ఏడాదికి 20, అందులో 3 పీవీటీజీ (బాగా వెనుకబడిన ఆదిమ గిరిజన) తెగలకు. ఫీజు, నెలవారీ ఖర్చు, విమాన టికెట్ అన్నీ వస్తాయి. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు సామాజిక న్యాయ శాఖ విడిగా 125 ఇస్తోంది. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుండాలి, క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లోని యూనివర్సిటీలో షరతుల్లేని అడ్మిషన్ ఉండాలి. ఆ పథకంలో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే చదువుల్ని 2022 నుంచి అనుమతించడం లేదు. కాబట్టి ఆ కేటగిరీల పిల్లలు తమ అంశాన్ని అంతర్జాతీయ భద్రత, వాణిజ్యం, వాతావరణ ఒప్పందాల వైపు పెట్టుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకం పేరూ నిబంధనలూ ప్రభుత్వం మారినప్పుడల్లా మారాయి. పాత యూట్యూబ్ వీడియోలు నమ్మకుండా జ్ఞానభూమి పోర్టల్, ఐటీడీఏ ఆఫీసు, రెండుచోట్లా అడగండి.

దీంతోపాటు యూజీసీ నెట్ రాయండి. అందులో ‘ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్’ అని ప్రత్యేకంగా ఒక సబ్జెక్టే ఉంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు. 20 సీట్ల పథకం ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవడం మంచిది కాదు.

ప్రశ్న: బీటెక్ చేసి మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 12 లక్షలు దాచాను. జర్మనీలో ఫీజు లేదంటున్నారు కదా, ఐఆర్ (ఇంటర్నేషనల్ రిలేషన్స్) అక్కడ చదవొచ్చా?

ఫీజు లేదన్న మాట నిజమే, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు సెమిస్టర్‌కి కొన్ని వందల యూరోలే. మీకు అడ్డం వచ్చేది బీటెక్. జర్మన్ మాస్టర్స్ ఎక్కువ భాగం డిగ్రీలో చదివిన దానికి కొనసాగింపుగా ఉంటాయి, పొలిటికల్ సైన్స్‌లో ఇన్ని క్రెడిట్లు ఉండాలని అడుగుతాయి. బెర్లిన్‌లోని రెండు యూనివర్సిటీలు, పాట్స్‌డామ్ కలిసి నడిపే ఐఆర్ మాస్టర్స్‌కి మీ డిగ్రీతో వెళ్లడం కష్టం. పబ్లిక్ పాలసీ కోర్సులు, బ్రిటన్‌లోని ఏడాది ఎంఎస్సీలు, సింగపూర్ ఎన్‌టీయూలోని రాజరత్నం స్కూల్ ఇంత పట్టింపు చూపవు. సైబర్ భద్రత, టెక్నాలజీ విధానం వైపు వెళ్తే మీ బీటెక్కే మీకు బలం.

జర్మనీకే వెళ్లాలనుకుంటే ముందు మీ డిగ్రీ పత్రాల్ని సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి, తర్వాత బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. అది ఏడాది ఖర్చు కింద నెలకు 992 చొప్పున మీకే తిరిగొస్తుంది. మీరు దాచిన 12 లక్షలు దాదాపు అక్కడికే సరిపోతాయి, రెండో ఏడాదికి వేరే చూసుకోవాలి.

ఉద్యోగం మానేసే ముందు ఒక పని చేయండి. బెంగళూరు తక్షశిల వంటి సంస్థలు ఆన్‌లైన్‌లో కొన్ని నెలల కోర్సులు నడుపుతాయి. ఒకటి చేసి, ఆ సబ్జెక్టు మీద ఆరు నెలలు కూర్చుని చదవగలరో లేదో చూసుకోండి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ ‘ఉచితంగా’ అన్నీ చేసిపెడతామంటోంది. వెళ్లొచ్చా?

మీ దగ్గర తీసుకోకపోతే యూనివర్సిటీ దగ్గర తీసుకుంటారు. ఒక్కో అడ్మిషన్‌కి కమిషన్ ఉంటుంది. కమిషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లే జాబితాలో పైకొస్తాయి. ఇంజినీరింగ్, ఎంబీఏలకి వాళ్ల అనుభవం కొంత పనికొస్తుందేమో గానీ, ఐఆర్ కోర్సుల మధ్య తేడా చెప్పగలిగేవాళ్లు అరుదు. వీసా ఫారాలు నింపించుకోండి, తప్పులేదు. ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) మాత్రం వాళ్ల చేత రాయించొద్దు. ఒకే మూస అందరికీ పంపుతారు, యూనివర్సిటీల సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టేస్తుంది.

ప్రశ్న: ఆ ఎస్‌ఓపీలో ఏం రాయాలి? ‘చిన్నప్పటి నుంచి ప్రపంచ రాజకీయాలంటే ఇష్టం’ అని మొదలుపెట్టాను.
— విద్యార్థిని, పెదవాల్తేరు

ఆ వాక్యం కొట్టేయండి, అందరూ అదే రాస్తారు. మీరుండే ఊరే మీకు మంచి విషయం ఇస్తోంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం మీ ఇంటికి కాస్త దూరంలో ఉంది. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష ఇక్కడ జరిగింది, 2022, 2024ల్లో పలు దేశాల నౌకాదళాలు పాల్గొనే మిలాన్ విన్యాసాలు జరిగాయి. బీచ్‌రోడ్డు పరేడ్ చూసి మురిసిపోయానని రాయడం కాదు. ఆ విన్యాసాలకు ఏ దేశాలు వచ్చాయి, ఏవి రాలేదు, ఎందుకు? ఇలాంటి ఒక్క ప్రశ్న తీసుకుని రెండు పేరాల్లో వాదించండి. మూడో పేరాలో, ఆ ప్రశ్నని ముందుకు తీసుకెళ్లడానికి ఆ స్కూల్లో ఏ పేపరు, ఏ ప్రొఫెసరు కావాలో పేర్లతో చెప్పండి. పేర్లు మార్చేసి ఇంకో స్కూలుకి యథాతథంగా పంపగలిగేలా ఉంటే అది ఇంకా కుదరలేదన్నమాట. రికమెండేషన్ కోసం వీసీ గారి దగ్గరకో ఎమ్మెల్యే గారి దగ్గరకో పరుగెత్తకండి. మీ టర్మ్ పేపరు దిద్దిన లెక్చరర్ రాసిన లెటరే పనికొస్తుంది, కనీసం ఆరు వారాల ముందు అడగాలి.

ప్రశ్న: లండన్‌లో సీటొచ్చింది, ఫీజు కొంత కట్టేశాం. బ్యాంకులో ఎంత చూపించాలి? డబ్బు పంపితే పన్ను పడుతుందా?
— ఒక తల్లి, అక్కయ్యపాలెం

మిగిలిన ఫీజుతోపాటు 9 నెలల ఖర్చు చూపించాలి. లండన్‌లో నెలకు సుమారు 1,500 పౌండ్లు, బయట అంతకంటే తక్కువ. దరఖాస్తు రోజున బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న అంకెనే తీసుకోండి. ఆ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు ఒక్క రూపాయి తగ్గినా తిరస్కరిస్తారు. పౌండు విలువ మారుతుంది కాబట్టి 5, 6 శాతం ఎక్కువే ఉంచండి. స్టేట్‌మెంట్ దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపుది కావాలి. ఎఫ్‌డీ ఫరవాలేదు. బంగారం, షేర్లు, పీఎఫ్ లెక్కలోకి రావు. ఖాతా మీ పేరున లేదా అమ్మాయి నాన్నగారి పేరున ఉంటే అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, మీ సమ్మతి లేఖ జతచేయాలి. బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేరు స్పెల్లింగ్ పాస్‌బుక్‌తో సరిపోకపోతే ముందే జీవీఎంసీలో సరిచేయించుకోండి, అది ఒక్క రోజులో అయ్యే పని కాదు.

చదువయ్యాక అక్కడ ఉండే వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు అది 18 నెలలే. మీ అమ్మాయి కోర్సు ఎప్పుడు ముగుస్తుందో చూసుకోండి.

పన్ను సంగతి: 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా పంపితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. గుర్తింపు పొందిన బ్యాంకు విద్యా రుణం నుంచి పంపే డబ్బుకైతే ఎంత పంపినా లేదు. సొంత డబ్బు 10 లక్షలు దాటితే దాటిన దానిమీదే పడుతుంది, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పరిమితి ఒక్కొక్క పాన్‌కి విడిగా ఉంటుంది కాబట్టి మీరు కొంత, వారి నాన్నగారు కొంత, మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపుకోండి. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు పర్పస్ కోడ్ దగ్గర ‘చదువు’ అనే పెట్టించండి. వేరే కోడ్ పడితే టీసీఎస్ రేటు ఎక్కువ.